బ్రేకుల కీచుకూత: దాని పుట్టుపూర్వోత్తరములు



కందెన లేని బండి కిర్రుమనుటను మనమెల్లరము చిన్ననాటినుండియు వినుచున్నవారమే. ఇరుసు కూయగానే బండి తోలువాడు దిగి కందెన పెట్టును, కూత మానును. తలుపుబందులకును, నూతిగిలకకును, గానుగకును ఇదియే మందు. చప్పుడు వచ్చిన చోట చమురు పోయుమనునది మన తాతముత్తాతలు మనకొప్పగించిన వైద్యము. ఇన్ని చోట్ల చెల్లిన యీ వైద్యము చెల్లకపోవుటయే గాక, ప్రాణము మీదికి తెచ్చునట్టి చోటొక్కటి యిప్పుడు మన వాకిటిలోనికే వచ్చి నిలిచినది. అది కారు చక్రము నందలి బ్రేకు. ఇరుసునకు రాపిడి శత్రువు. బ్రేకునకు రాపిడియే ప్రాణము. రెండును కూయునప్పుడు చెవికొక్క తీరుగానే తోచును గాని, రోగములు వేరు.

నేడు నేను చెప్పదలచినది ఈ కీచుకూత చరిత్ర. కూతకు చరిత్రయేమని నవ్వుదురేమో! దీనికి నూట యిరువది యేండ్లకు పైబడిన చరిత్ర కలదు. అందు ఇంగ్లాండు దేశపు రైతుబండ్లును, ఒక పాతజోడును, విశాఖపట్టణమున చదువుకొన్న బాలుడొకడును, కడపసీమ రాయియు కనబడును.

గుఱ్ఱపుబండ్ల కాలమున బ్రేకనగా చక్రపు ఇనుపపట్టాకు కొయ్యదిమ్మ నదిమిపట్టుటయే. మోటారుకారులు పుట్టిన తొలి దినములలోను ఇదియే పద్ధతి. గాలి నింపిన రబ్బరు టైర్లు వచ్చిన పిదప చిక్కు పుట్టెను. దిమ్మ రాచుకొన్నచో రబ్బరే అరిగిపోవును. కావున చక్రపు అంచును వదలి, చక్రముతో కూడ తిరుగు వేరొక వస్తువును పట్టి యాపవలసి వచ్చెను. ఆ వస్తువేది కావలెనని పలువురు తలలు బ్రద్దలు కొట్టుకొనిరి.

వారిలో నొకడు ఫ్రెడెరికు లాంచెస్టరు. ఇతడు 1868లో ఇంగ్లాండునందు జన్మించెను. సోదరులతో కూడి బర్మింగుహాములో కారులు చేసెను. విమానము గాలిలో నెట్లు నిలుచునో గణితముతో విచారించిన తొలివారిలో నితడొకడు. 1946లో కాలధర్మము నొందెను. 1902లో నితడు బ్రేకునకొక పేటెంటు పుచ్చుకొనెను. చక్రముతో కూడ పలుచని లోహపుబిళ్ల యొకటి తిరుగుచుండును. ఆపవలసినపుడు రెండు దవడలు దాని యంచును ఇరుప్రక్కల కరచి పట్టును. మనము నేడు డిస్కు బ్రేకనునది ముమ్మాటికి నిదియే. కాని దవడలకు తొడుగుటకు తగిన పదార్థ మాతనికి దొరకలేదు. రాగి తొడిగెను. నాటి బాటలు దుమ్ముబాటలు. దుమ్ము పడి రాగి త్వరలో అరిగెడిది. అంతేకాక లోహము లోహమును రాయుటచే చెవులు చిల్లులు పడునట్టి కూత బయలుదేరెడిదని చెప్పుదురు. అనగా డిస్కు బ్రేకును, దాని కూతయు కవలపిల్లలు. ఒక్కనాడే పుట్టినవి.

లాంచెస్టరు కొరతను తీర్చినవాడు హెర్బర్టు ఫ్రూడు. డెర్బీషైరు మండలము కొండసీమ. అక్కడి బండివాండ్రు దిగుడు బాటలలో కొయ్యదిమ్మ జారకుండుటకై దానికి పాతజోడు ముక్కను తగిలించుట ఫ్రూడు కంటబడెనని చెప్పుదురు. తోలును రబ్బరును కొయ్యకంటె చక్కగా పట్టును, నెమ్మదిగాను రాయును. ఈ సంగతి మన బండివాడును చూచియే యుండును. మన బండివాని పాతజోడు పాతజోడుగానే మిగిలెను, ఫ్రూడు దానినుండి యొక పరిశ్రమను లేపెను. 1897లో ఇంటి పెరటి పాకలో పని మొదలిడి, నూలుపట్టీలను తారువంటి జిగురులలో నానబెట్టి బ్రేకులకు తొడుగులు చేసెను. ఆ పట్టీలు కొండబాటల వేడికి మాడిపోవుచుండెను. అందువలన 1908 ప్రాంతమున రాతినారను చేర్చెను. రాతినార యనగా నిప్పున కాలని, నూలువలె నేయదగిన ఖనిజము. ఆ తొడుగులు 'ఫెరోడో' అను పేర నలుగడల వ్యాపించెను. ఫ్రూడను తన పేరి యక్షరములను తారుమారు చేసి, భార్య ఎలిజబెత్తు పేరి తొలి యక్షరమును చేర్చి ఆ పేరు కల్పించెను. మన కవులు చిత్రకవిత్వమున చేయు పని ఆయన వ్యాపారమున చేసెను.

లాంచెస్టరు పేటెంటు పుచ్చుకొన్న 1902లోనే ఫ్రాన్సు దేశమున లూయీ రెనో అను నాతడు డ్రమ్ము బ్రేకును కల్పించెను. డోలు వంటి గుల్ల చక్రముతో తిరుగుచుండును. లోపలి రెండు అర్ధచంద్రపు ముక్కలు వెలికి విచ్చుకొని దాని నదిమి పట్టును. ఆ ముక్కలనే మన మెకానిక్కులు 'షూ' లందురు. షూ యనగా జోడే గదా! డ్రమ్ము బ్రేకు మూతపెట్టిన పాత్ర వంటిది. దుమ్ము చేరదు, వాన పడదు, చప్పుడును కొంత అణగును. అందువలన ఏబది యేండ్లు దానిదే రాజ్యమయ్యెను. 1921లో అమెరికాయందు డ్యూసెన్‌బర్గు కారు నాలుగు చక్రములకును ద్రవపుటొత్తిడితో నడచు బ్రేకులను పెట్టుకొని వెలువడెను. పాదముతో నొక్కిన యొత్తిడి గొట్టములలోని ద్రవము ద్వారా నాలుగు చక్రములకు సమానముగ చేరును. మన రోడ్లపై చిరకాలము తిరిగి 2014లో తయారీ నిలిచిపోయిన అంబాసిడరు కారునకు మొదట నుండినవి డ్రమ్ము బ్రేకులే.

డ్రమ్మునకొక గొప్ప లోపము కలదు. 1944లో తెరచిన తిరుమల కొండబాట యిప్పుడు దిగుటకు వాడబడుచున్నది. ఆ మలుపులలో బ్రేకు మాటిమాటికి త్రొక్కుచు దిగినచో రాపిడి వేడి మూతపెట్టిన పాత్రలోనుండి బయటికి పోజాలదు. డోలు వేడికి విచ్చుకొని, లోపలి ముక్కలకు దూరమగును. తొడుగును తన పట్టును కోల్పోవును. త్రొక్కిన కొలది పాదము లోనికి పోవును గాని బండి ఆగదు. డిస్కు అట్లు కాదు. గాలికి తెరపియై యుండును, వేడికి విచ్చుకొన్నను ప్యాడ్ల వైపునకే ఉబ్బును.

ఈ గుణము రెండవ ప్రపంచయుద్ధకాలమున విమానములవారికి మొదట కావలసి వచ్చెను. వడిగా దిగు విమానమును కొద్ది దూరములో నిలుపవలయును. డన్‌లపు సంస్థవారు విమానచక్రములకు డిస్కు బ్రేకులు సిద్ధపరచిరి. యుద్ధానంతరము ఆ విద్య కారులకు దిగి వచ్చెను. 1953 జూన్ నెలలో ఫ్రాన్సునందలి లెమాన్ పట్టణమున ఇరువదినాలుగు గంటల పందెము జరిగెను. అక్కడ నిడుపైన తిన్నని బాటయొకటి యున్నది. దాని చివర నొక యిరుకు మలుపు. తక్కిన బండ్లు ఆ మలుపునకు చాల ముందుగనే వడి తగ్గించుకొనవలసి వచ్చెను. డిస్కు బ్రేకులున్న జాగ్వారు కారు కడదాక పోయి అప్పుడు బ్రేకు పట్టుచుండెను. ప్రతి చుట్టులోను ఇట్లు కొద్దికొద్దిగా ముందునకు వచ్చుచు, రోల్టు, హామిల్టను అను ఇరువురు వంతులవారీగా తోలి పందెము గెలిచిరి. సగటు వేగము గంటకు 170 కిలోమీటరులు. ఒక్క దినములో నాలుగువేల కిలోమీటరులకు పైబడి పరుగెత్తిరి. ఎక్కువ వడిగా పోగలవాడు గెలిచెననుటకంటె, ఎక్కువ చక్కగా ఆగగలవాడు గెలిచెననుట న్యాయము. 1955లో పారిసు ప్రదర్శనమున సిట్రోయను వారి డి.ఎస్. కారు ముందుచక్రములకు డిస్కులతో వెలువడెను. పిమ్మట ఇరువది ముప్పదియేండ్లలో నది సామాన్యుని కారునకును దిగినది.

డిస్కు తిరిగి రాగానే దాని కవలతోబుట్టువు కూడ వచ్చి చేరెను. డ్రమ్ము కూయదని కాదు, కూయును. కాని డిస్కు మూత లేని పలుచని యినుపపళ్లెము. దేవాలయమున వ్రేలాడు జేగంటను తలచుకొనుడు. కొట్టినచో మ్రోగును. డిస్కు కూడ నట్టి పళ్లెమే, కొట్టుటకు మారుగ రాచుచున్నాము. ఒక పళ్లెముపై ఇసుక చల్లి, అంచును ఫిడేలు కమానుతో రాచినచో, కదలని చోట ఇసుక గీతలుగా పేరుకొనునని జర్మనీ దేశపు క్లాడ్నీ 1787లో ప్రకటించెను. కూయుచున్న డిస్కునందును అట్టి కదలని గీతలే యుండును. నడుమ భాగములు సెకండునకు వేయి మొదలు పదునైదువేల పర్యాయములవరకు అటునిటు ఊగుచుండును.

రాచినంత మాత్రమున ఏల మ్రోగవలయును? ఈ ప్రశ్నకు సమాధానము ఫిడేలు వద్దనే యున్నది. ఇక్కడ మన చంద్రశేఖర వెంకట రామనును తలపక తప్పదు. ఆయన 1888లో తిరుచిరాపల్లిలో పుట్టెను. తండ్రి విశాఖపట్టణపు ఏ.వి.ఎన్. కళాశాలలో అధ్యాపకుడగుటచే బాల్యమక్కడ గడపి, చదువుకొనెను. 1907లో కలకత్తాలో ప్రభుత్వ ఆర్థికశాఖలో చేరి తీరిక వేళల ప్రయోగములు చేయుచు, 1917లో ఆ యుద్యోగమును విడిచి విశ్వవిద్యాలయాచార్యుడయ్యెను. 1918లో కమాను రాచిన తంత్రి ఎట్లు కంపించునో గణితముతో నిరూపించుచు ఒక గ్రంథము ప్రకటించెను. 1920లో కమానును చేతితో గాక యంత్రముతో నడపి కొలతలు తీసెను. కమాను తంత్రిని పట్టుకొని కొంతదూరము లాగుకొని పోవును, బిగువు మించగానే తంత్రి జారి వెనుకకు వచ్చును, మరల పట్టుబడును. ఈ పట్టుటయు జారుటయు సెకండునకు కొన్ని వందల మారులు జరుగుటయే నాదము. రామను బ్రేకులను గూర్చి పనిచేయలేదు. కాని ఆయన తంత్రియందు చూచినది తలుపుబందునందును, ఇరుసునందును, బ్రేకునందును జరుగుచున్నదే. ఒకచోట దానికి రాగమని పేరు; వేరొకచోట రోతయని పేరు.

1938లో ఇంగ్లాండునందు మిల్సు అను పరిశోధకుడు డ్రమ్ము బ్రేకుల కూతను గూర్చి నివేదిక వ్రాసెను. జారు వడి పెరిగినకొలది రాపిడి తగ్గుచుండు పదార్థములే కూయునని ఆయన తలచెను. ఇది కమాను న్యాయమే. కాని దీనితో అన్నియు కుదరలేదు. రాపిడి మారని చోటను కూత వినబడుచుండెను. 1961లో స్పర్ అను నాతడు మరియొక కారణము చూపెను. అది పెద్దలకు చేతికర్రతోనే చూపవచ్చును. కర్రను మీ ముందునకు వాల్చి, మొనను నేలకానించి నెట్టుచు నడువుడు. మొన నేలను కరచుకొని, ఎగిరి, మరల కరచుకొని దడదడలాడును. అదే కర్రను వెనుకకు వాల్చి యీడ్చుకొని పొండు. చల్లగా జారి వచ్చును. కర్ర యదియే, నేల యదియే, రాపిడియు నదియే. వాలు మాత్రము మారినది.

ముప్పదియేండ్లకు పైగా నల్లబల్ల యెదుట నిలిచిన నాకు ఈ సిద్ధాంతము చదివినప్పుడు ఎంతయో సంతోషము కలిగెను. సుద్దముక్క నిలువుగా పట్టి ముందునకు నెట్టుచు వ్రాసిన బాలుడు తరగతి యంతయు చెవులు మూసికొనునట్లు చేయును. ముక్కను వాల్చి పట్టుమందును, లేదా విరిచి సగము చేసి యిత్తును, కూత యణగును. ఏలయని పిల్లలడిగినపుడు చెప్పుటకు నాకు శాస్త్రము లేదు, అనుభవము మాత్రమే యుండెను. బ్రేకు ప్యాడ్ల యంచులను నేడు ఏటవాలుగా చెక్కుచున్నారు. ఇది విరిచిన సుద్దముక్క వైద్యమే.

1972లో నార్తు అను పండితుడు డిస్కును దాని చుట్టునున్న భాగములను కలిపి గణితమునకు లోబరచెను. ఒక్కొక్కటి విడిగా నెమ్మదియైనదే. రెండు ఊపులు దగ్గర దగ్గరగా వచ్చినపుడు, జోడురోకళ్లతో దంచుచున్నట్లు, ఒకదాని దెబ్బకు రెండవది అందిచ్చుచు ఊపును పెంచుకొనును. ఇందువలననే ఒకే అంగడిలో కొన్న ఒకే ప్యాడ్లు ఒక కారున కూయును, పొరుగింటి కారున కూయవు.

ఇక మన వాకిటి కారు సంగతి. ఎప్పుడు కూయుచున్నదో కనిపెట్టుట సగము వైద్యము. వానపడిన రాత్రి తెల్లవారి మొదటి రెండు మూడు బ్రేకులకు మాత్రమే కూసి మానినచో, అది డిస్కుపై పట్టిన పలుచని త్రుప్పు. ప్యాడ్లే గీకివేయును, ఏమియు చేయబనిలేదు. క్రొత్త ప్యాడ్లు వేసిన తొలి దినములలో కూసినను కొంత యోపిక పట్టవలయును. రెండు ముఖములు ఒకదానికొకటి అమరుటకు కొంతదూరము నెమ్మదిగా తోలవలయును. ప్యాడ్లు మార్చిన దినమునుండి కూత విడువనిచో, ప్యాడు వీపున నుండవలసిన పలుచని రేకును పనివాడు మరల పెట్టెనా యని అడుగవలయును. ఆ రేకు ఊపును మ్రింగుటకై యుంచినది. పాతదానిని పారవైచి, క్రొత్తది కొనక, 'బండి నడచును గదా' యనువారు కలరు. ప్యాడును పట్టు క్యాలిపరు జారెడి సూదులు ఎండి బిగిసినను ఒకవైపు ప్యాడు ఎల్లప్పుడు రాచుకొని కూయును, ఒకప్రక్క త్వరగా అరుగును. కీచు గాక గరగర వినబడి, పాదమునకు గరుకు తెలిసినచో అది కూత కాదు, కేక. ప్యాడు పూర్తిగ నరిగి ఇనుము ఇనుమును కొరుకుచున్నది. ఆ దినమే బండి నిలుపవలయును.

సూదులకును, ప్యాడు వీపునకును, వేడికి కరగని ప్రత్యేకపు గ్రీజు పలుచగా పూయుదురు. ముఖమునకు గాని డిస్కునకు గాని చుక్కయు తగులరాదు. మా యూరిలో యువకుడొకడు క్రొత్తగా కారు తెచ్చెను. బ్రేకు కూయుచుండగా వాని తాత, నాకు వరుసకు బాబాయి, ఏబదియేండ్లు బండి తోలినవాడు, కందెన పెట్టుమనెను. మనుమడు డిస్కులపై ఇంజనునూనె పోసెను. కూత మానెను. ఇంటివారెల్లరు సంతోషించిరి. ఆ సాయంకాలమే కాలువగట్టు దిగునపుడు కారు ఆగక, చింతమొద్దునకు కొట్టుకొని నిలిచెను. మొద్దు లేనిచో కాలువయే. బాబాయి తొడయెముక విరిగి ఆరునెలలు మంచముననుండెను. అనుభవశాలి మాట, మంచి మనస్సుతో చెప్పిన మాట, బండి మారినది, మాట మారలేదు. నూనె త్రాగిన ప్యాడును తుడిచి వాడరాదు. కడిగినను లోపల నిలిచియుండి వేడికి మరల పైకి వచ్చును. మార్చుటయే.

కూతను అణచుటకింత పాటుపడినవారే, మరల దానిని కావలెనని పుట్టించుట ఈ చరిత్రలో నాకు మిక్కిలి ముచ్చటయైన ఘట్టము. డ్రమ్ము కాలమున తొడుగు అరిగినది లేనిది విప్పి చూచినగాని తెలియదు. డిస్కు ప్యాడునకొక చిన్న ఉక్కునాలుకను తగిలించిరి. ప్యాడు రెండు మూడు మిల్లీమీటరులకు అరుగగానే ఆ నాలుక డిస్కును తాకి కీచుమనును. ఈ కూత తక్కినవానివలె బ్రేకు త్రొక్కినపుడే వచ్చునది కాదు. తరచుగా బండి ఊరక పోవునపుడు వచ్చి, త్రొక్కినపుడు అణగును. అన్ని ప్యాడ్లకును ఈ నాలుక యుండదు. చౌకరకముల కుండుట లేదు; కొనునపుడే చూచికొనవలయును. మరియొక సంగతి. వయస్సు మీరినకొలది సన్నని హెచ్చుస్వరములు మన చెవికి ముందుగా మాయమగును. మనుమరాలు 'తాతయ్యా, చక్రము కూయుచున్నది' అన్నపుడు 'నాకేమియు వినబడదే' యని త్రోసివేయరాదు. దానికి వినబడుచున్నది నిజము.

ఫ్రూడు తెచ్చిన రాతినార కథ సుఖాంతము కాలేదు. దాని సన్నని నూగు ఊపిరితిత్తులలో దిగి పుండు చేయును. ఏండ్లు గడచిన పిదప క్యాన్సరుగాను తేలును. ఇంగ్లాండునందు రాతినార వడికిన నెల్లీ కెర్షా అను కార్మికురాలు 1924లో ముప్పదిమూడేండ్ల ప్రాయమున మరణించెను. ఆమె రోగమును వైద్యపత్రికలో ప్రకటించిన పిమ్మట లోకము మెల్లగా కన్ను తెరచెను. మెల్లగా ననుట చాలదు. బ్రిటను పూర్తిగ నిషేధించినది 1999లో; ఐరోపా సమాఖ్యయంతట నిషేధము 2005లో. మన పులివెందుల ప్రాంతమునను ఈ నార త్రవ్వబడినది. పాతబండ్ల బ్రేకు విప్పునపుడు ఆ పొడిని నోటితో ఊదుట మన పనివాండ్ర కలవాటు. ఊదరాదు. తడిగుడ్డతో తుడిచి పారవేయవలయును.

రాతినారకు మారుగ గాజునారలు, ఉక్కునారలు, కృత్రిమపు నారలు వచ్చెను. వానితో కూడ రాగినారయు వచ్చెను. అది వేడిని చక్కగా హరించును. లాంచెస్టరు విడిచిన రాగి ఇట్లు వెనుకదారిని ప్యాడులోనికి మరల ప్రవేశించెను. కాని అరిగిన రాగిపొడి వాననీటితో వాగులలో చేరి, సాల్మను చేపల వాసన పట్టు శక్తిని చెరచుచున్నదని అమెరికాయందు కనుగొనిరి. వాసన తెలియని చేప శత్రువును గుర్తింపజాలదు. వాషింగ్టను, కాలిఫోర్నియా రాష్ట్రములు 2010లో శాసనములు చేసి, 2025నుండి ప్యాడులో రాగి నూటికి అరపాలునకు మించరాదని విధించెను. ఇప్పటి ప్యాడులలో వేడికి చెక్కుచెదరని పూరకముగ బైరైటీసు అను బరువైన తెల్లరాతిపొడిని కలుపుదురు. ఆ రాయి నిక్షేపములలో ప్రపంచమున మిక్కిలి పెద్దవానిలో నొకటి మన కోడూరు చెంత మంగంపేటయందున్నది. అక్కడ త్రవ్విన రాయి అధికభాగము చమురుబావుల పనికి పోవును.